బనీను బట్టకు గంజి

మా అత్తమ్మకూ నాకూ పడదని జనగామలో మా గల్లీ మొత్తానికి గట్టి నమ్మకం. అది పొరపాటు. పడనివాళ్లు మాట్లాడుకోరు. మేము పొద్దున చాయ్‌తో మొదలుపెట్టి పక్కలు పరిచేదాకా మాట్లాడుకుంటూనే ఉంటాం. ఆ మాటల్లో వాదన పాలు కాస్త ఎక్కువ, అంతే. నేను డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదివినదాన్ని. వాదించకుండా ఒప్పుకుంటే చదువుకు అవమానమనుకుంటాను. ఆమె తన వయసుకు అవమానమనుకుంటుంది. మధ్యలో మా ఆయన టీవీ శబ్దం పెంచుకుంటాడు.

అలాంటి మనిషి ఆ వానాకాలం వాకిట్లో పాచి మీద కాలు జారి కుడి భుజం మీద పడింది. విరిగిన ఎముక అతుక్కుంది గానీ భుజం బిగుసుకుపోయింది. చేయి ముందుకు కొంచెం లేస్తుంది, పక్కకు అంతకన్నా తక్కువ, వెనక్కి మాత్రం ససేమిరా పోదు. గోడ మీద వేళ్లను కొద్దికొద్దిగా పైకి పాకించమని దవాఖానలో చెప్పారు. రోజూ చేస్తుంది. చేస్తున్నంతసేపూ ఆ డాక్టరును తిడుతుంది.

నొప్పికన్నా పెద్ద చిక్కు రైక దగ్గర వచ్చింది. మీరు జాకెట్ అనండి, బ్లౌజ్ అనండి, మా ఇంట్లో అది రైకే. హుక్కుల రైక వేసుకోవాలంటే ఒక చేయి తొడిగాక రెండో చేయి వెనక్కి పోవాలి. ఆ వెనక్కి పోవడమే లేదు. నేను తొడగబోతే ఆమె పెట్టిన కేకకు పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగిచూశారు, కోడలు కొడుతోందనుకున్నారేమో. పక్క కుట్లు విప్పి చూశాను. చంక కింద అతుకు వేసి చూశాను. లాభం లేకపోయింది. చివరికి నైటీ, దాని మీద తువ్వాల.

నైటీ వచ్చాక మా అత్తమ్మ గడప దాటడం మానేసింది. అంతకుముందు సాయంత్రమైతే అరుగు మీద ఆమె కొలువు తీరేది. కూరగాయల బండి ఆపి వంకాయల్ని తిట్టడం, బడి నుంచి వచ్చే పిల్లల్ని ఎవరి మనుమలో అడగడం, గల్లీలో ఎవరింటికి ఎవరొచ్చారో లెక్క చూడడం అన్నీ అక్కడే. ఇప్పుడు ఎవరైనా వచ్చి “అవ్వ ఏది?” అంటే లోపలి గదిలోంచి నాకు సైగ చేసేది, పండుకుందని చెప్పమని. రోజంతా ఇంట్లోనే ఉండడంతో గల్లీకి చెప్పాల్సినవన్నీ నాకే చెప్పేది. నా వంట, నా ఊడుపు, నా ఫోను, అన్నీ ఆమె విచారణకు వచ్చాయి. మొదట్లో విసుగొచ్చేది. తర్వాత ఒకరోజు నేను ఉప్పు ఎక్కువ వేస్తే ఏమీ అనకుండా తిని లేచింది. అప్పుడు భయమేసింది.

అంతలో మహబూబాబాద్ నుంచి వదినె ఫోన్ చేసింది. వదినె అంటే మా ఆయన అక్క, అత్తమ్మ పెద్దబిడ్డ, తల్లిని అవ్వా అనే పిలుస్తుంది. ఆమె కూతురికి కొడుకు పుట్టాడు.

“అవ్వా, తొట్టెల ఫంక్షన్ పెట్టుకున్నం. నువ్వే వచ్చి పిలగాణ్ని తొట్టెల వెయ్యాలె. ఇంట్ల పెద్దామె చెయ్యి పడకుంటే ఎట్ల?”

అత్తమ్మ ముఖం ఎట్లా వెలిగిందో నేను చూశాను. ముందుతరం వాళ్లు ఎవరూ లేరు, ఆ వరసలో ఇప్పుడు ఆమే పెద్ద. మునిమనుమణ్ని తొట్టెలో వేసే చేయి ఆమెదే కావాలి. ఆ వెలుగు అట్లాగే ఉండగానే ఆమె చూపు నైటీ మీద పడింది.

“నేను రాను. మీరే ఏసుకోండ్రి.”

“గదేందవ్వా? చెయ్యి నొస్తాందా?”

“నొస్తలేదు. రానంటే రాను. మానుకోటల అందరి ముంగట నైటీ మీద తువ్వాల కప్పుకోని కూసోమంటవా?”

మానుకోట అంటే మహబూబాబాదే, మా వాళ్ల నోట్లో పాత పేరే ఉంటుంది. ఫోన్ నా చేతికిచ్చి ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. అవతల వదినె ముక్కు చీదుతోంది. “నేను తీసుకొస్త వదినె, రైక వేయించే తీసుకొస్త” అనేశాను. ఎట్లా వేయిస్తానో నాకే తెలియదు.

ముందు బజారుకు పోయి సాగే రైకలు తెచ్చాను. ఈ మధ్య హుక్కులు లేకుండా తలమీంచి వేసుకునేవి అమ్ముతున్నారు. అత్తమ్మ ఒక్కొక్కటి తిప్పి చూసింది.

“వీపుకు గీ దర్వాజ ఎందుకు పెట్టినరే?”

“అది ఫ్యాషన్ అత్తమ్మా.”

“చేతులేవి మరి?”

“గవ్వే చేతులు.”

“గింతనా? మిగిలిన బట్ట దుకాణపోడు ఉంచుకున్నడా?”

ఆమెకు మోచేయి దాకా చేతులు కావాలి, మెడ కింద వీపు కనబడొద్దు. ఇట్లాంటిది ఏ దుకాణంలోనూ లేదు. అన్నీ తిరిగి ఇచ్చేసి వచ్చాను, ఇచ్చేటప్పుడు దుకాణంవాడితో ఒక వాదన అదనం.

దారి మా అమ్మాయి వల్ల దొరికింది. అది భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సు. సెలవు మీద వచ్చి, బనీను బట్టతో కుట్టిన పొడుగు టాపు వేసుకుని తిరుగుతోంది. అత్తమ్మ దాని చేయి పట్టుకుని గుంజి చూసింది, వదిలింది, మళ్లీ గుంజింది.

“గిది సాగుతాంది కదనే. చేతులు గూడ మోచెయ్యి దాక ఉన్నయ్.”

“నువ్వేసుకుంటవా బాపమ్మా? మా వార్డుల భుజం పట్టుకపోయినోళ్లకు మేం గిట్లనే ఏస్తం. నొప్పి చెయ్యి ముందు, తర్వాత తల, మంచి చెయ్యి ఆఖరుకు.”

సంచిలోంచి ఇంకో టాపు తీసి అట్లాగే తొడిగింది. అత్తమ్మ అరవలేదు. అద్దం ముందు నిలబడింది. భుజాలు సరిపోయాయి, మెడ సరిపోయింది, చేతులు సరిపోయాయి. కింద మాత్రం టాపు తొడల దాకా దిగింది.

“మీద రైక, కింద గౌను” అంది అత్తమ్మ. “కోడలా, దీన్ని కోసి రైక చెయ్యి.”

అమ్మాయి మూడు టాపులు ఇచ్చి భూపాలపల్లి బస్సెక్కింది. ఒకటి ముదురాకుపచ్చ, ఒకటి కుంకుమ రంగు, ఒకటి నల్లది. నల్లదాని రొమ్ము మీద తెల్లని ఇంగ్లీషు అక్షరాలున్నాయి. ఏం రాసుందని అత్తమ్మ అడిగితే చదివి చెప్పాను, కాఫీ తాగేదాకా నాతో మాట్లాడొద్దని రాసుందని.

“కాఫీ ఎవలు తాగుతరు? చాయ్ అని రాయిపిస్తే నేనే ఏసుకుందును” అంది. దాన్ని ముందుగా కోయమని నాకు ఇచ్చింది, పాడైనా ఫరవాలేదని.

నాకు కుట్టడం రాదనుకోకండి. గల్లీలో సగం చీరలకు ఫాల్, పీకో నేనే చేస్తాను, జిగ్‌జాగ్ మిషను ఉంది. అందుకే మా వీధి చివరి లేడీస్ టైలరు “బనీను బట్ట నేను ముట్టనక్కా, మిషన్ పాడైతది” అన్నప్పుడు, “నీ మిషన్ అంత సుకుమారమా?” అని గట్టిగానే అడిగి వచ్చాను. ఆ అడిగిన నోటిని తర్వాత మూడు రోజులు తలచుకున్నాను.

టైలరుకు ఆది రైక ఇచ్చినట్టే అత్తమ్మ పాత రైకను టాపు మీద పరిచాను. దాని పొడుగుకు రెండంగుళాలు మడతకు కలిపి సుద్దముక్కతో గీత గీసి కోశాను. కోసిన మరుక్షణం ఆ అంచు దానంతటది పైకి చుట్ట చుట్టుకుపోయింది. విప్పితే మళ్లీ చుట్టుకుంది. ఇస్త్రీ పెట్టె పెట్టి అణిచాను, పెట్టె తీయగానే లేచింది. గుండుసూదులు వరసగా గుచ్చి, మిషను కింద పెట్టి, మామూలు తిన్నని కుట్టు వేశాను. చూడడానికి బాగానే ఉంది. అత్తమ్మకు తొడిగాను. తల దూరింది, మంచి చేయి దూరింది, కిందికి లాగగానే టప్, టప్, టప్ మని దారం తెగిన చప్పుడు.

“పటాకులు గాల్చినవా?” అంది అత్తమ్మ మెడ దాకా టాపులోనే ఉండి.

బట్ట సాగుతుంది, తిన్నని కుట్టు సాగదు. ఎక్కడ సాగితే అక్కడ దారం తెగుతుంది. అమ్మాయికి వీడియో కాల్ చేస్తే, “జిగ్‌జాగ్ వెయ్యి అమ్మా, అది సాగుతది, సూది గూడ మొన గుండ్రంగా ఉన్నది పెట్టు” అంది. ఆ సూది కోసం మళ్లీ బజారు. దాన్ని పెట్టి, అదే అంచుకు జిగ్‌జాగ్ వేశాను. దారం తెగలేదు. కానీ మిషను పాదం కింద బట్ట నొక్కుకుని సాగుతూ పోయి, కుట్టు పూర్తయ్యేసరికి అంచు మొత్తం అలలు తేలింది, పాపల గౌనుకు కుచ్చుల్లాగా. అత్తమ్మ వేసుకుని పక్కకు తిరిగింది.

“తిరుణాల్ల గొడుగు లెక్కుంది.”

“చీర చెంగు దాని మీదికి వస్తది అత్తమ్మా, కనబడదు.”

“నాకు కనబడుతది కదనే.”

ఫోన్‌లో వీడియోలు పెట్టాను. ఒకావిడ చాలా ముచ్చటగా నవ్వుతూ “చాలా ఈజీ అండీ, చూసేద్దామండీ” అంటుంది, చూసేలోపే అయిపోతుంది. అంచు కింద పలచటి కాగితం పెట్టి కుట్టమంది. పెట్టాను. కాగితం చిరిగి ముక్కలు కుట్టులో ఇరుక్కున్నాయి. వాటిని పిన్నీసుతో ఏరుతూ కూర్చుంటే మా ఆయన వచ్చి, “మానుకోటకు శాలువ కప్పుకోని పోతే అయిపోతది కదా” అన్నాడు. అత్తమ్మా నేనూ ఒకేసారి ఆయనవైపు చూశాం. ఆయన వెళ్లి టీవీ పెట్టుకున్నాడు.

నల్ల టాపు పని అయిపోయింది. మిగిలిన రెండూ కూడా కోసి పెట్టాను గానీ కుట్టే ధైర్యం రావడం లేదు. ఫంక్షన్ ఎల్లుండికి వచ్చింది. పొద్దున అత్తమ్మ వంటింట్లోకి వచ్చి, కుక్కరు వద్దు, గిన్నెలో అన్నం వండి గంజి వార్చమంది.

“గంజి ఎందుకు?”

“నూలు చీరకు గంజి పెట్టద్దా? మరి ఏం కట్టుకోని పోవాలె మానుకోటకు?”

పోవాలె అన్న మాట విని నేను వెంటనే పొయ్యి మీద గిన్నె పెట్టాను. గంజి వార్చి బకెట్లో పోసి, నీళ్లు కలిపి ఇచ్చాను. ఎడమ చేత్తో ఆమే చీర ముంచుకుంటానంది. నేను బియ్యం డబ్బా సర్దుకుని, ఫోన్‌లో వదినెతో మాట్లాడి, మధ్యాహ్నం మేడ మీదికి పోయి చూస్తే తీగ మీద చీర ఒక పక్క, దాని పక్కన ఆకుపచ్చ టాపు, కుంకుమ టాపు ఆరుతున్నాయి. గాలి వీస్తోంది. చీర ఊగుతోంది. టాపులు మాత్రం చేతులు బార్లా చాపి, అట్ట ముక్కల్లా బిర్రుగా నిలబడి ఉన్నాయి.

మెట్ల మీంచే అరిచాను.

“అత్తమ్మా! బనీను బట్టకు ఎవరన్న గంజి పెడుతరా?”

“రైకకు గంజి పెట్టరా?” కింది నుంచి జవాబు.

“అవి రైకలు కావు! టాపులు!”

“కోసినవ్ కదా. కోసినంక రైకనే. నా పెండ్లి కాన్నుంచి గంజి పెట్టని రైక ఏసుకున్ననా నేను?”

“సాగడానికే కదా వాటిని తెచ్చింది! గంజి పెడితే ఎట్ల సాగుతయి? ఇగో, నిలబెడితే నిలబడుతున్నయి. బొమ్మకు ఏసి పొలంల పెట్టొచ్చు.”

“ఉతికితే పోదా? గింత దానికి గంత లొల్లా?”

కోపంతో ఆకుపచ్చ దాన్ని తీగ మీంచి లాగాను, తక్షణం నీళ్లలో ముంచుదామని. లాగినప్పుడు చేతికి అంచు తగిలింది. చుట్ట చుట్టుకోలేదు. కాగితం కోసినట్టు తిన్నగా ఉంది. వేళ్లతో మడిచాను. మడత మడిచినచోటే ఉంది. నేను మెట్లు దిగుతూ ఇంకోసారి మడిచాను, పుస్తకానికి అట్ట వేసేటప్పుడు మడిచినట్టు గీత పడింది. బకెట్ దగ్గరకు పోలేదు. తిన్నగా మిషను దగ్గరకు పోయాను.

జిగ్‌జాగ్ పెట్టి పాదం దించాను. పాప్లిన్ గుడ్డ మీద నడిచినట్టు నడిచింది. బట్ట సాగలేదు, అలలు లేవలేదు, సూది ఎక్కడా కుట్టు తప్పలేదు. ఒక చుట్టు పూర్తి చేసి, దారం కత్తిరించి, తిప్పి చూశాను. కంపెనీలో కుట్టినంత చక్కగా ఉంది. నా నోట మాట రాలేదు. మా ఇంట్లో అది అరుదు కాబట్టి అత్తమ్మ అనుమానంగా వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

“ఏమైందే? సూది గుచ్చుకుందా?”

“లేదు. కుట్టయింది.”

ఆమె వచ్చి అంచు మీద బొటనవేలు నడిపించింది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా పోయి ఆగింది.

“మరి నేను ఊకె పెట్టిననుకున్నవా గంజి?”

“ఇప్పుడు అట్ల చెప్పకు అత్తమ్మా. నీకు తెల్వకనే పెట్టినవ్.”

“తెలిసే పెట్టిన.”

“మరి మొదటి టాపు కుట్టినప్పుడు ఎందుకు చెప్పలే?”

“అడిగినవా?”

ఈ వాదన ఇప్పటికీ నడుస్తోంది, తీర్పు రాలేదు.

కుంకుమది కూడా కుట్టి, రెండింటినీ గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, రెండుసార్లు జాడించాను. గంజి వదిలి బట్ట మళ్లీ మెత్తబడింది. అసలు పరీక్ష ఇప్పుడు. నల్లదానితో జరిగింది మనసులో ఉంది. ఆరిన ఆకుపచ్చ రైకను తొడగబోతుంటే అత్తమ్మ నా చేయి తోసేసింది.

“నన్ను చూడనియ్యి.”

మంచం మీద కూర్చుంది. కుడి చేతిని ఒడిలోనే ఉంచి ఎడమ చేత్తో రైక చేతిని దాని మీదికి ఎక్కించుకుంది, మోచేయి, తర్వాత భుజం. మెడ వంచి తల దూర్చింది. ఎడమ చేయి లోపలికి పోయి, కాసేపు బట్టలోపలే వెతుక్కుని, అవతలి నుంచి బయటికి వచ్చింది. ఇక కిందికి లాగడమే. నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. అంచు సాగింది, రొమ్ము దాటింది, కిందికి వచ్చి మళ్లీ దగ్గరపడింది. ఏ చప్పుడూ లేదు.

ఆమె నావైపు చూడలేదు. చీర కట్టుకుని చెంగు సర్దుకుంది, సర్దుకున్నదే మళ్లీ సర్దుకుంది. తర్వాత లేచి బయటికి పోయింది. నేను వెనకాల పోయేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. కూరగాయల బండి అప్పుడే మలుపు తిరుగుతోంది.

“ఏందవ్వా, ఇన్నొద్దులు కనబడకపోతివి?” అన్నాడు బండి అతను.

“నేను కనబడకపోయేసరికి నీ వంకాయలు గిట్ల ముదిరినయా?” అంది మా అత్తమ్మ.

నేను లోపలికి వచ్చి ముఖం కడుక్కున్నాను. ఉల్లిగడ్డలు కోస్తున్నానని మా ఆయనకు చెప్పాను గానీ ఆరోజు కూర బీరకాయ.

జనగామలో రైలెక్కితే మహబూబాబాద్‌లోనే దిగొచ్చు. దారి పొడుగునా అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని పక్కావిడకు రైక కథ చెప్పింది. అందులో నా పాత్ర రానురాను తగ్గిపోయింది. కాజీపేట వచ్చేసరికి గంజి ఆలోచన ఆమెది, కోత ఆమెది, నేను మిషను చక్రం మాత్రం తిప్పినదాన్ని. మధ్యలో అడ్డుపడి రెండు విషయాలు సవరించాను. పక్కావిడ నిద్ర నటించింది.

వదినె ఇంటి ముందు షామియానా వేశారు. ఆటో దిగుతున్న తల్లిని చూసి వదినె పరుగున వచ్చింది. ముందు ముఖం చూసింది, తర్వాత రైక.

“అవ్వా! ఎట్ల ఏసుకున్నవే?”

“చేతులతోని.”

“నిజం చెప్పవ్వా, మరదలు తొడిగిందా?”

“నేనే ఏసుకున్న. గుంజి చూడు, గుంజి చూడు.” అంచు పట్టుకుని చూపించింది. షామియానా కిందున్న ఆడవాళ్లంతా వచ్చి మా అత్తమ్మ రైకను ఒక్కొక్కరూ గుంజి చూశారు. మోకాళ్ల నొప్పులవాళ్లు, మెడ నొప్పులవాళ్లు, నొప్పి ఏదీ లేనివాళ్లు కూడా. “మాకు గూడ జేసియ్యవా బిడ్డా?” అని ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. అడగ్గానే చేసివ్వడానికి నేనేమన్నా దుకాణం పెట్టానా అనబోయాను. అనలేదు, ఒకామె చేయి కూడా వెనక్కి పోవడం లేదు.

తొట్టెకు పూలు కట్టారు. అత్తమ్మ కుర్చీలో కూర్చుంది. వదినె కూతురు పిల్లవాణ్ని తెచ్చి ఆమె ఎడమ మోచేతిలో పెట్టింది. కుడి చేయి పైకి లేవదు గదా అని వదినె కింద పట్టుకోబోతే, “నువ్వు పక్కకు జరుగు” అంది. కుడి చేతిని పిల్లవాడి నడుం కింద ఉంచి, లేవకుండానే ముందుకు వంగింది. వీపు మీద ఆకుపచ్చ బట్ట సాగింది. భుజం పట్టేసినచోట అత్తమ్మ కొంచెం ఆగింది. పళ్లు బిగబట్టిందని నాకు తెలుస్తోంది, అట్లాగే మెల్లగా పిల్లవాణ్ని తొట్టెలో దించింది. వాడు కళ్లు తెరవలేదు. పెద్దవాళ్లు పాట అందుకున్నారు, అత్తమ్మ అందరికన్నా గట్టిగా.

భోజనాలయ్యాక కొడకండ్ల నుంచి వచ్చిన ఆమె చెల్లెలు, మా చిన్నత్తమ్మ, అక్క పక్కన చేరింది. ఇద్దరూ కలిసి చాలా రోజులైంది. కాసేపటికి అత్తమ్మ తన సంచి పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

“పిల్లా, నువ్వు రైలుకు పో. నేను చెల్లెతోని కొడకండ్లకు పోతున్న.”

“అదేంది అత్తమ్మా! ఒక్కరోజే అనుకున్నం కదా. అక్కడ నిన్ను ఎవరు చూసుకుంటరు? స్నానం, బట్టలు?”

“రెండు రైకలున్నయ్. ఒకటి ఉతుక్కుంట, ఒకటి ఏసుకుంట. ఇగ నన్ను చూసుకునుడేంది?”

“ఎన్ని రోజులుంటవ్?”

“పోకముందే రమ్మంటవేందే?”

వాదించడానికి నోరు తెరిచాను. వాదనలు రెండు మూడు సిద్ధంగానే ఉన్నాయి, తొలిసారి వాటిని వాడాలనిపించలేదు. బస్టాండు దాకా వెంట పోయాను. కొడకండ్లకు దారి తొర్రూరు మీదుగానే, ఆ బస్సు నిండా జనం. చిన్నత్తమ్మ ముందు ఎక్కింది, వెనకాల అత్తమ్మ ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కింది. లోపలికి పోతూనే కిటికీ పక్క సీటులో సంచి పెట్టినవాణ్ని అడుగుతోంది, “ఈ సీటు నీదా, నీ సంచిదా?” అని. బస్సు కదిలింది. వాడు ఏదో జవాబు చెప్పినట్టున్నాడు, ఆమె గొంతు ఇంకా పెరిగింది.